అమ్మమ్మ గుండిగ దీపమయ్యేసరికి ఎనిమిది వారాలు పట్టింది

సంక్రాంతికి ఊరెళ్ళి వస్తూ అమ్మమ్మ గుండిగ తెచ్చుకున్నాను. నరసన్నపేట దగ్గర మా ఊళ్ళో అటక మీద ఏళ్ళ తరబడి బోర్లించి ఉన్న ఇత్తడి గుండిగ. వ్రతాలకీ పెళ్ళిళ్ళకీ అందులోనే అన్నం వండేవారు. అంచు కింద చుక్కలు చుక్కలుగా అమ్మమ్మ పేరు, పక్కన 1961 అని కొట్టించి ఉంది. 2025 జనవరి 18, శనివారం పొద్దున్న బెంగళూరులో కుందలహళ్ళి గేటు దగ్గర మా ఫ్లాట్‌కి చేరాక దాన్ని డైనింగ్ టేబుల్ మీద పెట్టి, పైన సీలింగ్‌లో ఉన్న చిన్న బల్బు పాయింటు వంక చూశాను. దీన్ని బోర్లించి అక్కడ వేలాడదీస్తే, లోపల బల్బు పెడితే ఎంత బాగుంటుందో అనిపించింది.

అమ్మకి ఫోన్ చేసి చెప్పాను. "దానికి కన్నం పెడతావా?" అని అడిగి కాసేపు మాట్లాడలేదు. తరువాత, "అటక మీద ఉన్నా చిలుము పట్టడమేగా, పెట్టించు" అంది. ఆ మాట కోసం నేనెంత ఊపిరి బిగబట్టుకున్నానో అది విన్నాకే తెలిసింది.

బాత్రూం కాటా మీద ఒకసారి నేనొక్కదాన్నే, ఇంకోసారి గుండిగ పట్టుకుని నిలబడి చూస్తే దాని బరువు 4.4 కిలోలు తేలింది. గొలుసు, హోల్డరు కలిస్తే 4.9. ఈ అంకె తరువాత చాలాసార్లు పనికొచ్చింది, అందుకే రాస్తున్నాను.

జనవరి 25న మెట్రో ఎక్కి మెజెస్టిక్‌లో గ్రీన్ లైన్‌కి మారి చిక్కపేటలో దిగాను. దగ్గర్లో ఒక సందులో పాత్రలకి పాలిష్ పెట్టే ఆయన గుండిగ అడుగున నడిమధ్య వైరు కోసం ఒక కన్నం, చుట్టూ కొక్కేల కోసం మూడు చిన్న కన్నాలు పెట్టి, పాలిష్ కూడా చేసి 750 తీసుకున్నాడు. అక్కణ్ణించి బి.వి.కె. అయ్యంగార్ రోడ్డుకి నడిచి గొలుసు, హోల్డరు, వైరు, బల్బు కొన్నాను. మొత్తం 1,140. వైరు కోసేముందు షాపతను "రెండు కోర్లా, మూడు కోర్లా?" అని అడిగాడు. బల్బుకి రెండు తీగలే కదా అనుకుని రెండు కోర్లదే తీసుకున్నాను. నేను చేసిన మొదటి తప్పు అదే. లోహపు పాత్రని దీపం చేస్తున్నప్పుడు ఆ మూడో తీగ, లీకైన కరెంటుని నేలలోకి పంపే పచ్చ ఎర్త్ తీగ, అన్నిటికంటే ముఖ్యమైనదని ఆ రోజు నాకు చెప్పినవాళ్ళు లేరు. నేనూ అడగలేదు.

ఫిబ్రవరి 1, శనివారం. ఫోన్‌లో బుక్ చేస్తే ఒక కుర్రాడు వచ్చాడు. సీలింగ్ మీద వేలితో తట్టి చూసి, ఫాల్స్ సీలింగ్ జిప్సం బోర్డుకి కన్నం పెట్టి, లోపల రెక్కలు విచ్చుకునే బోల్టు ఒకటి దూర్చి బిగించాడు. కొక్కెం తగిలించాడు, గొలుసు వేశాడు, వైరు కలిపాడు. పాతిక నిమిషాల్లో పని అయిపోయింది. కూలి 349, బోల్టుకి 120. స్విచ్ వేసేసరికి టేబుల్ మీద బంగారు రంగు వెలుగు గుండ్రంగా పడింది. ఆ సాయంత్రం మా ఆయన, పాప, నేను అవసరం లేకపోయినా గంటసేపు ఆ టేబుల్ దగ్గరే కూర్చున్నాం.

రెండు మూడు రోజులకి పాప ఒక రాత్రి, "అమ్మా, గుండిగలో మిణుగురు ఉంది" అంది. వెళ్ళి చూస్తే స్విచ్ ఆపేసి ఉన్నా బల్బు సన్నగా వెలుగుతోంది. బల్బులో లోపమేమో, మార్చేద్దాంలే అనుకున్నాను. మీ ఇంట్లో ఆపేసిన ఎల్‌ఈడీ బల్బు ఇలా మిణుకుమంటుంటే దయచేసి నాలా వదిలేయకండి. అన్నిసార్లూ ప్రమాదం కాకపోవచ్చు, కానీ ఒకసారి ఎలక్ట్రీషియన్‌కి చూపించండి.

ఫిబ్రవరి 9, ఆదివారం. గుండిగ మీద వేలిముద్రలు కనబడుతుంటే స్విచ్ ఆపి, చెక్క స్టూలెక్కి, ఎడమచేత్తో అంచు పట్టుకుని తడిగుడ్డతో తుడుస్తున్నాను. మోచేతి దాకా జిల్లుమంది. చేయి లాగేసి ఎలా కిందికి దూకానో తెలియదు. స్విచ్ వంక చూశాను. ఆఫ్‌లోనే ఉంది. అప్పుడు తలెత్తి చూస్తే కొక్కెం చుట్టూ సీలింగ్‌లో వెంట్రుకంత పగులు, సగం చుట్టుదాకా పాకి ఉంది.

మా డీబీలో, అంటే ఇంటి కరెంటు లైన్లన్నీ కలిసే పెట్టెలో, ఏ ఎంసీబీ (ఒక్కో లైనుని ఆపే స్విచ్) దేనిదో రాసి లేదు. అందుకని మెయినే ఆపేసి, ఫోన్ టార్చి వెలుగులో మా ఆయన గుండిగని రెండు చేతులతో ఎత్తి పట్టుకుంటే నేను గొలుసు విప్పాను. కొక్కేన్ని కాస్త కదిపితే చాలు, బోల్టుతో పాటు గుప్పెడు జిప్సం పొడి రాలిపడింది. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. గుండిగ మీద పేరు చదువుతానని పాప రోజూ కుర్చీ ఎక్కి దాన్ని పట్టుకుంటుంది. ఈ తొమ్మిది రోజుల్లో ఎన్నిసార్లు పట్టుకుందో లెక్కపెట్టుకుంటూ పడుకున్నాను.

ఈసారి తొందరపడకూడదనుకున్నాం. పన్నెండున్నర మిల్లీమీటర్ల జిప్సం బోర్డుకి ఐదు కిలోలు వేలాడదీయడం తప్పని తెలిసిపోయింది. బరువు పైనున్న అసలు శ్లాబే మోయాలి. హాల్లో, పడగ్గదుల్లో అయితే శ్లాబు పోసేటప్పుడే ఫ్యాన్ బాక్సు, అందులో ఇనప కొక్కెం పెట్టేస్తారు. డైనింగ్ దగ్గర మాకు అది లేదు, శ్లాబుకి డ్రిల్ చేయాల్సిందే. ఫిబ్రవరి 10న అపార్ట్‌మెంట్ ఆఫీసుకి మెయిల్ పెట్టాను. మా శ్లాబు ఇనప కడ్డీలు వేసి కాంక్రీటు పోసిన మామూలు ఆర్‌సీసీనా, లోపల బిగించిన కేబుళ్ళు ఉండే పోస్ట్ టెన్షన్ రకమా, కరెంటు పైపులు ఎటు వెళ్ళాయో డ్రాయింగ్ ఉందా అని అడిగాను. కొత్త టవర్లలో కొన్నిటికి ఆ కేబుళ్ళ శ్లాబులు వేస్తున్నారు. వాటికి చూడకుండా డ్రిల్ చేస్తే కేబుల్ తెగవచ్చు. జవాబుకి వారం పట్టింది. రెండుసార్లు వెళ్ళి అడగాల్సి వచ్చింది. 17న డ్రాయింగ్ కాపీ చేతికొచ్చింది: మామూలు ఆర్‌సీసీ, ఆరంగుళాల మందం, పైపులు టేబుల్‌కి ఒక పక్కగా వెళ్ళాయి. డ్రిల్లింగ్ పదింటి నుంచి ఒంటిగంట దాకా, మళ్ళీ మూడు నుంచి ఐదున్నర దాకా, ఆదివారాలు వద్దు అని కూడా రాశారు.

కింది ఫ్లాట్ ఆంటీ చెప్పిన ఎలక్ట్రీషియన్‌ది చింతామణి. యాభై ఐదేళ్ళుంటాయి, కోలారు వైపు తెలుగు మాట్లాడతాడు. ఫిబ్రవరి 22 దాకా ఖాళీ లేదన్నాడు. ఎదురుచూశాం. ఆ రెండు వారాలూ గుండిగ సోఫా పక్కన నేల మీదే ఉంది.

వచ్చీ రాగానే ఆయన సీలింగ్ ముట్టుకోలేదు. స్విచ్ ఆపమని, నిచ్చెనెక్కి పాయింటులో టెస్టర్ పెట్టాడు. టెస్టర్ వెలిగింది. "ఏమ్మా, స్విచ్ ఆపితే ఆగేది న్యూట్రలే. ఫేజు ఎప్పుడూ పైనే ఉండాది" అన్నాడు. ఫేజు అంటే కరెంటు తెచ్చే తీగ, స్విచ్ ఆపాల్సింది దాన్నే. ఇల్లు కట్టినప్పుడే ఎవరో ఆ ఒక్క స్విచ్‌కి తీగలు తారుమారు చేశారు. బల్బు మామూలుగానే వెలుగుతుంది, ఆరుతుంది, అందుకే ఎప్పటికీ బయటపడదు. ఆ రాత్రి కనబడ్డ మిణుకు కూడా దానివల్లేనని చెప్పాడు.

గుండిగ తిరగేసి కన్నం లోపలివైపు వేలు పెట్టి చూడమన్నాడు. పాలిష్ ఆయన పైవైపు అంచు నున్నగా చేశాడు, లోపలివైపు బ్లేడులా ఉంది. మొదటొచ్చిన కుర్రాడు వైరుని గొలుసంతే పొడవుగా బిగించి కట్టడంతో కొంత బరువు వైరు మీద పడి, ఆ అంచుకి ఒరుసుకుని తొడుగు తెగింది. లోపలి రాగి ఇత్తడికి తగిలింది. స్విచ్ ఆపినా ఫేజు అక్కడే ఉంది కాబట్టి గుండిగంతా కరెంటు. మరి కరెంటు లీకైతే దానంతటదే పడి సరఫరా ఆపేయాల్సిన మా ఆర్‌సీసీబీ ఎందుకు పడలేదు? టెస్ట్ బటన్ నొక్కితే టక్కున పడింది, అది బాగానే ఉంది. ఆయన చెప్పింది ఇది: గుండిగకి ఎర్త్ లేదు, గాల్లో వేలాడుతోంది, కరెంటు నేలలోకి పోవడానికి దారే లేదు. దారి దొరికితేనే ఆర్‌సీసీబీకి తెలుస్తుంది. మొదటి దారి నా చేయి. నేను చెక్క స్టూలు మీద ఉండబట్టి, అది పడాల్సిన 30 మిల్లీ ఆంపియర్ల కంటే తక్కువ కరెంటు నాలోంచి పోయింది. తడి నేల మీద నిలబడి ముట్టుకునుంటే అంతటితో పోయేది కాదు. ఎర్త్ తీగ కట్టి ఉంటే మాత్రం తొడుగు తెగిన క్షణంలోనే, మేమెవరం ముట్టుకోకముందే, పడిపోయేది. ఆయన ఇది చెబుతుంటే నాకు చేతులు వణికాయి. రెండు కోర్ల వైరు చాలని నేనే కదా చెప్పింది.

ఆ రోజు మూడు పనులు చేశాడు. స్విచ్‌బోర్డు విప్పి ఫేజుని స్విచ్ మీదికి మార్చాడు. సీలింగ్‌లో అడుగు చదరం జిప్సం కోసి తీశాడు, శ్లాబు ఇంకా పదకొండు అంగుళాల పైన ఉంది. మూడోది బోర్డు నుంచి పైదాకా పైపులో పచ్చ తీగ లాగడం. మేం అనుకోలేదు కానీ దానికే ఎక్కువ సమయం పట్టింది. తీగని లాగడానికి పైపులోకి దూర్చే స్ప్రింగు వైరు ఒక వంపు దగ్గర ఇరుక్కుపోయింది. పాప పౌడర్ డబ్బా అడిగి తీసుకుని, తీగకి పౌడర్ రాస్తూ కొంచెం కొంచెంగా లాగాడు. రెండు గంటలు పట్టింది. కూలి 1,200, తీగకి 240. శ్లాబు డ్రిల్లింగ్ శివరాత్రి తరువాతే అన్నాడు. 26న పండగ, ఊరెళ్తాడు.

మార్చి 1. పై ఫ్లాట్‌లో బాలింత ఉంది, ముందురోజే వెళ్ళి చెప్పాను. బిడ్డకి స్నానం పోసి పడుకోబెట్టే వేళ అయిపోయాక, పదకొండున్నరకి మొదలుపెట్టమన్నారు. అలాగే చేశాం. టేబుల్ జరిపి, పాత దుప్పట్లు పరిచి, ఆయన కళ్ళద్దాలు, మాస్కు పెట్టుకున్నాడు. తలపైకి డ్రిల్ చేస్తుంటే సిమెంటు పొడి నేరుగా కళ్ళలోకే పడుతుంది. మొదటి కన్నం అంగుళం లోతుకి వెళ్ళేసరికి శబ్దం మారింది, డ్రిల్ ముందుకు పోలేదు. కడ్డీ తగిలింది. ఇంకా గట్టిగా నొక్కుతాడేమో అని భయపడ్డాను. ఆయన వెంటనే ఆపేశాడు. "కమ్మి కోయకూడదమ్మా, ఇల్లు దానిమీదే నిలబడేది" అని, ఆ కన్నాన్ని సిమెంటుతో పూడ్చి, ఐదంగుళాలు పక్కకి జరిగి ఇంకొకటి వేశాడు. అది సాఫీగా దిగింది. తరువాత చిన్న పంపుతో కన్నంలో పొడంతా ఊదేశాడు. పొడి మిగిలితే ఆంకర్, అంటే కాంక్రీటులో విచ్చుకుని పట్టుకునే బోల్టు, పట్టదట. ఎనిమిది ఎంఎం ఆంకర్ ఫాస్టనర్, కొక్కెం ఉన్నది, దూర్చి స్పానర్‌తో బిగించాడు. దాని ఖరీదు తొంభై రూపాయలు. ఇన్ని వారాల ఎదురుచూపూ దీనికోసమే.

గోడకి మేకులు కొట్టేటప్పుడు వాడే ప్లాస్టిక్ ప్లగ్గు పెట్టి స్క్రూ బిగిస్తే సరిపోదా అని అడిగాను. గోడకైతే బరువు పక్కనుంచి పడుతుంది, సీలింగ్‌లో రాత్రింబగళ్ళు నేరుగా కిందికే లాగుతుంది, ప్లగ్గు మెల్లగా జారి వచ్చేస్తుందన్నాడు.

ఇక పరీక్ష. వేలాడే దీపాల తయారీ ప్రమాణాల్లో దీపం బరువుకి నాలుగు రెట్లు గంటసేపు మోయించి చూడాలన్న నియమం ఉంది. మాకు అది 19.6 కిలోలు. ఇంట్లో 26 కిలోల సోనామసూరి బియ్యం బస్తా విప్పకుండా ఉంది. దాన్ని మందపాటి దుప్పట్లో మూటకట్టి, నేను కొన్న గొలుసుతోనే కొక్కేనికి తగిలించి, కింద పరుపు వేశాం. ఆయన టీ తాగుతున్నాడు. పావుగంట కాకుండానే బస్తా దబ్బుమని పరుపు మీద పడింది. నా గుండె ఆగినంత పనైంది, ఆంకర్ ఊడిందనుకున్నాను. చూస్తే కొక్కెం చెక్కుచెదరలేదు. గొలుసులో ఒక కడియం విచ్చుకుంది. నేను కొన్నది తీగని వంచి చేసిన అలంకారపు గొలుసు, కడియాల కొసలు అతికి ఉండవు. నేను వీధి చివర హార్డ్‌వేర్ షాపుకి పరుగెత్తి, కడియాలు వెల్డింగ్ చేసిన గొలుసు 180కి తెచ్చాను. మళ్ళీ బస్తా కట్టాం. ఆయన గంట చాలన్నాడు, నాకు చాలలేదు, ఆదివారం పొద్దుటి దాకా ఉంచాను. రాత్రి బస్తా అడుగు నేలకి 71 సెంటీమీటర్ల ఎత్తులో ఉంది. పొద్దున్న లేవగానే టేపు పెట్టి కొలిచాను. 71. ఆ అంకె చూశాక నెలలో మొదటిసారి కాఫీ రుచిగా అనిపించింది. ఆ రోజు కూలి 800.

కోసిన జిప్సం అతికించడానికి వేరే మనిషి కావాలి. అడుగు ముక్కకైనా అయిదడుగులకైనా తక్కువలో తక్కువ 1,500 అన్నాడు. మార్చి 8న అతికించి, రాత్రంతా ఆరనిచ్చి, 9న రుద్ది రంగు వేశాడు. తెలుపు తెలుపులో కలవలేదు, ఇప్పటికీ నాకు ఆ చదరం కనబడుతుంది.

మార్చి 15న చివరి పనికి ఎలక్ట్రీషియన్ వచ్చాడు. ఈసారి మూడు కోర్ల వైరు. నడిమి కన్నానికి రబ్బరు బుష్ తొడిగి అందులోంచి వైరు పోనిచ్చాడు. గుండిగ లోపల ఒకచోట గరుకు కాగితంతో రుద్ది, మెరిసే ఇత్తడి బయటపడ్డాక, అక్కడ పచ్చ తీగని నట్టుబోల్టుతో బిగించాడు. మల్టీమీటరు ఒక కొస గుండిగ అంచుకి, ఇంకొకటి బోర్డులోని ఎర్త్‌కి పెడితే రెండూ కలిసే ఉన్నాయన్నట్టు కుయ్యిమంది. ఆ చప్పుడు నాకు వినడానికి ఎంత హాయిగా ఉందో. వైరుని గొలుసు కడియాల్లోంచి వదులుగా, అక్కడక్కడా కుంగేలా అల్లాడు. బరువంతా గొలుసుదే, వైరుది కరెంటు మోసే పని మాత్రమే. నేను 12 వాట్ల బల్బు తెచ్చాను, వద్దన్నాడు. బోర్లించిన పాత్రలో వేడి పైన నిలిచిపోయి ఎల్‌ఈడీ తొందరగా పాడవుతుందట, 7 వాట్లది పెట్టాం. టేబుల్‌కి చాలినంత వెలుగు వస్తోంది. టేబుల్ పైనుంచి గుండిగ అంచుకి 32 అంగుళాలు. మొదటిసారి 24 ఉంచితే వడ్డించేటప్పుడు మా ఆయన తల రెండుసార్లు తగిలింది.

స్విచ్ ఆపి మళ్ళీ టెస్టర్ పెట్టమన్నాను. వెలగలేదు. నేనూ నిచ్చెనెక్కి స్వయంగా పెట్టి చూశాను. ఆయన విసుక్కోకుండా నిచ్చెన పట్టుకున్నాడు. చివరి రోజు కూలి 400. వెళ్ళేముందు డీబీలో ఒక్కో ఎంసీబీ పక్కనా అది దేనిదో పెన్నుతో నాతో రాయించాడు. మొదటి కుర్రాడికిచ్చినదీ, పాడైన గొలుసూ అన్నీ కలిపితే ఆరున్నర వేలు దాటింది.

ఉగాదికి అమ్మ వచ్చింది. చీకటి పడ్డాక స్విచ్ వేయించుకుని, కుర్చీ జరుపుకుని దాని కింద కూర్చుంది. అంచు మీద పేరు తలకిందులుగా ఉందని నేను అంతవరకు చెప్పలేదు, బాధపడుతుందేమోనని. అమ్మ మెడ వంచి చదవబోయి ఆగిపోయింది. పాప పరుగెత్తుకెళ్ళి సోఫా మీద తల కిందికి వేలాడేసి పడుకుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ తాతమ్మ పేరు పైకి చదివింది. 1961 కూడా చదివింది. అమ్మ లేచి వెళ్ళి, చేయెత్తి, ఆ అక్షరాలను వేళ్ళతో తడిమింది. నేను ఆపలేదు.